గడ్డకట్టిన సూదిమందు

"నా ఒళ్ళే మందును ఒల్లననింది. నువ్వేం తక్కువ చేసినావు మే?" అన్నాడు మా ఇంటాయన.

"పండుకో," అంటి నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. అప్పటికి పొద్దు బాగా ఎక్కింది. నేను ఆయన్ని పక్కకు తిప్పి వీపుకు పౌడరు రాస్తాంటి. ఆయన ముఖం గోడ వైపు ఉండె. ఆ మాట నా ముఖం చూసి అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. గోడను చూసి అన్నాడు. నేను పండుకో అంటి. మర్సటి రోజు నుంచి మాట పడిపోయింది, మూడో రోజు మనిషి పోయినాడు.

పండుకో అన్నది తప్పు మాట కాదు. ఏ పెండ్లామైనా అంటాది. కానీ ఆ మాట కింద ఇంకో మాట ఉండె. అది ఆయనకు చెప్పాల్సిన మాట. అప్పటికే మూడేండ్ల నుంచి దాన్ని నోట్లో పెట్టుకొని తిరుగుతాంటి. అన్నం తిన్నా దాని మీద నుంచే మింగాల, నీళ్ళు తాగినా దాని పక్కనుంచే పోవాల. ఈ పొద్దుకు కూడా అది ఆడనే ఉండాది. ఈ పొద్దు దాన్ని బయటికి తీస్తాండా.

నాకు సంతకం వరకే వచ్చు. అది కూడా ఆయన నేర్పిందే. ఇది రాస్తాండేది మా ఆడబిడ్డ కూతురు నాగమణి. డిగ్రీ చదివింది. నేను చెప్పింది చెప్పినట్ల రాయి, నీ చదువు ఇందులో కలపొద్దు అని చెప్పినా. రాస్తాంది. ఏముందో ఇంకా తెలీదు దానికి.

మీరెవురో నాకు తెలీదు. తెలిసినోళ్ళయితే చెప్పలేకపోదునేమో.

మాది ఓర్వకల్లు దగ్గర పల్లె. రేకుల ఇల్లు. ఆయన బస్సు డ్రైవరు. కర్నూలు నుంచి నందికొట్కూరు మీద ఆత్మకూరు పోయే బస్సు. మనిషి పొడుగు, మాట పెద్దది, నవ్వితే బస్సు ఎనక సీటోళ్ళకు ఇనపడాల. నాకు కడుపు పండలేదు. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. చెల్లెలి కూతురు నాగమణిని ఎత్తుకొచ్చి బస్సులో ఇంజను పక్కన కూర్చోబెట్టుకొని తిప్పేవాడు. ఇది చెప్పంగానే కలం ఆపింది. రాయి మే. ఇప్పుడే ఆపితే ఎట్ల?

మొదట కుడికన్ను మసకైంది. దుమ్ము పడిందనుకుంటిమి. చుక్కల మందు ఏస్తిమి, ఒక నెలకు తగ్గిపాయె. తగ్గింది కదా అని మరిచిపోతిమి. ఆ మీద ఏడాదికి కాళ్ళు తిమ్మిరెక్కడం మొదలు. ఒకరోజు నందికొట్కూరు బస్టాండులో బండి ఎనక్కి తీస్తా ఉంటే, క్లచ్చి మీద కాలు ఉండాదా లేదా అన్నది ఆయనకు తెలీలేదంట. తల వంచి కంటితో చూసుకుంటే గానీ కాలు యాడుందో తెలీలేదు. బండి ఆపి, దిగి, తాళాలు కండక్టరు చేతిలో పెట్టినాడు. "నలభై మందిని ఎక్కించుకొని నా కాలు నేనే ఎతుక్కోలేనప్పా" అన్నాడంట. ఆ తర్వాత ఇంక స్టీరింగు పట్టలేదు.

కర్నూలులో నరాల డాక్టరు దగ్గరికి పోతిమి. తలకూ వెన్నుకూ స్కానింగు తీసిరి. వెన్నులో నుంచి నీళ్ళు తీసి చూసిరి. జబ్బు పేరు ఇంగ్లీషుది, ఎమ్మెస్ అంటారు, పూర్తి పేరుకు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. కానీ జబ్బు ఏందన్నది నాకు తెలుసు. ఆ డాక్టరు బాగా చెప్పినాడు, ఆయన డ్రైవరని తెలుసుకొని చెప్పినాడు.

"నీ బస్సులో వైర్ల మీద తొడుగు ఉంటుంది కదా. ఆ తొడుగు ఊడితే ఏమవుతుంది?"

"హారను నొక్కితే లైటు ఎలుగుతాది సార్," అన్నాడు మా ఆయన.

"నరాల మీద కూడా అట్లాంటి కొవ్వు తొడుగు ఉంటుంది. అది ఊడిపోతాంది నీకు."

"ఎలకలు కొరికినాయా సార్?"

డాక్టరు నవ్వలేదు. "ఎలకలైతే మందు పెట్టి చంపుదుము. నీ ఒంట్లో రోగాల్ని తరిమే కాపలా కణాలు ఉంటాయి. అవే దారి తప్పి నీ నరాల తొడుగును పరాయిది అనుకొని కొరుకుతాండాయి. కాపలా కుక్క ఇంటోళ్ళనే కరిచినట్ల. దాన్ని చంపలేం. చంపితే ఇంటికి కాపలా ఉండదు. దానికి బుద్ధి చెప్పి కూర్చోబెట్టాల."

కూర్చోబెట్టే మందే ఈ సూదిమందు. వారానికి ఒకటి, తొడకు. జబ్బును మాన్పదు, మళ్ళా మళ్ళా వచ్చే దెబ్బల్ని తగ్గిస్తాది, అందరికీ ఒకటే మాదిరి పనిచేయదు, అని కూడా ఆ పొద్దే చెప్పినాడు. దాచి చెప్పలేదు. మందు ఆయన ఉద్యోగం తరఫున వస్తాండె, దానికి కొదవ లేదు.

సూది వేసేది నాకే నేర్పిరి. ఆసుపత్రిలో సిస్టరమ్మ ఒక బత్తాయి చేతికిచ్చి, దానికి పొడుస్తా నేర్పింది. మూడు రోజులకు నా చెయ్యి వణకడం ఆగింది. నాకు ఎంత గర్వమో మీకు ఎట్ల చెప్పేది? పలకా బలపం పట్టని దాన్ని, సూది పడతాండా. ఊర్లో ఆడోళ్ళు "ఏం నర్సమ్మా, మాకూ ఒకటి పొడుస్తావా" అని ఎకసెక్కం చేస్తాండ్రి. ఆయన మాత్రం వచ్చినోళ్ళకంతా "మా ఇంట్లోనే డాక్టరమ్మ ఉండాదప్పా" అని చెప్పుకుంటాండె.

ఆ రోజే సిస్టరమ్మ ఇంకో మాట చెప్పింది. మందు చల్లగా ఉండాల, కానీ ఐసు కాగూడదు, ఫ్రిజ్ తలుపులో పెట్టు, పైన ఐసు పెట్టెలో వద్దు. చెప్పింది. నేను ఇన్నా. ఇనలేదని చెప్పడానికి లేదు. ఇన్నాను గానీ, ఎక్కువ చలవైతే మందుకు ఏం నష్టం, ఎండైతే కదా చెడేది అనుకుంటి. ఎండలో బతికేటోళ్ళం. మాకు చెడగొట్టేది ఎప్పుడూ ఎండే.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఊర్లో కిరాణా అంగడి శెట్టెమ్మ ఇంట్లో ఉండె. నెలకు నాలుగు సూదులు థర్మాసులో పెట్టుకొని కర్నూలు నుంచి తెచ్చి ఆమె ఫ్రిజ్ తలుపులో పెడతాంటి. ఆదివారం పొద్దున్నే పోయి ఒకటి తెచ్చుకొనేదాన్ని.

సూది వేసిన పొద్దు సందకాడకంతా జ్వరం వచ్చేది. ఎట్లాంటి జ్వరం అది. పండ్లు టకటకా కొట్టుకుంటాయి. రెండు బొంతలు కప్పినా చాలవు. కీళ్ళన్నీ ఎవరో సుత్తితో కొట్టినట్ల ఉండాయి అనేవాడు. సోమవారం కూడా లేచేవాడు కాదు. డాక్టరు ముందే చెప్పినాడు, మందు పోయి కాపలా కణాల్ని కదిలిస్తాది కాబట్టి జ్వరం మాదిరి వస్తాదని, జ్వరం మాత్ర ఏయమని, కొందరికి కొన్ని నెలలకు తగ్గతాదని. ఏసినా. మా ఆయనకు తగ్గలేదు. శనివారం నుంచే ముద్ద దిగేది కాదు ఆయనకు. అంత పెద్ద మనిషి, నేను సూది పట్టుకొని వస్తే చిన్న పిల్లోని మాదిరి ముఖం పెట్టి "ఈ వారం వద్దులే మే" అనేవాడు. నేను కోప్పడి ఏసేదాన్ని.

కానీ ఒకటి నిజం. ఆ ఏడాదంతా కొత్త దెబ్బ ఒక్కటి కూడా రాలేదు. కట్టె పట్టుకొని నడుస్తాండె. కన్ను మళ్ళా మసకబారలేదు. ఇది నాకు అప్పుడు లెక్కలోకి రాలేదు. రానిది కంటికి కనపడదు కదా. వచ్చే జ్వరమే కనపడేది.

ఇంకోటి కూడా చెప్పాల, లేకుంటే నేను చేసింది మీకు అర్థం కాదు. ఈ జబ్బోళ్ళకు వేడి పడదు. ఎండాకాలం రేకుల కింద ఆయన కాళ్ళు చేతులు ఉడికిన కూర మాదిరి మెత్తబడేవి. వేన్నీళ్ళు పోస్తే స్నానం పీట మీద నుంచి లేవలేడు. అదే కేసీ కాలువ గట్టుకు తోలుకపోయి కాళ్ళు నీళ్ళలో పెట్టిస్తే, అర్ధగంటకు లేచి నడిచేవాడు. తడి తువ్వాలు మెడకు చుట్టితే మాట స్పష్టంగా వచ్చేది. ఇదంతా నా కళ్ళతో చూసినా. నా తలలో ఒకటే కుదురుకునింది. ఈయన రోగం వేడి. ఈయనకు మందు చలవ. నెత్తిన ఆముదం పెట్టినా, సబ్జా నీళ్ళు తాపినా, అంబలి తాపినా. మరి ఈ సూది ఏం చేస్తాంది? జ్వరం తెస్తాంది. అంటే సూదిలో వేడి ఉండాది. అదీ నా లెక్క.

ఒక శనివారం శెట్టెమ్మ ఇంట్లో మనవరాలికి పేరు పెట్టే పండగ. ఫ్రిజ్ నిండా పాలు, పెరుగు, మిఠాయి. తలుపులో చోటు లేక ఆమె నా సూదుల డబ్బాను పైన ఐసు పెట్టెలోకి ఎక్కించింది. "మీ ఆయన మందు చెడిపోకుండా బాగా చల్లగా పెట్టినా మే" అని మంచిమాటగా చెప్పింది. ఆమె తప్పు ఇందులో గోరంత కూడా లేదు. ఆదివారం పొద్దున తీస్తే డబ్బా మంచుకు అతుక్కొని ఉండాది. సూదిలో మందు రాయి మాదిరి అయింది.

ఏం చేయాల? ఆ పొద్దే కర్నూలు పోయి చెప్పింటే సరిపోయేది. పోలేదు. గుప్పిట్లో పట్టుకొని ఇంటికి నడుస్తా ఉంటే దారిలోనే కరిగింది. ఎండకు పట్టి చూసినా. మునుపటి మాదిరే నీళ్ళగా ఉండాది. ఏసినా.

సందకాడ బొంతలు తీసి పెట్టుకొని కూర్చుంటి. జ్వరం రాలేదు. చెయ్యి పెట్టి చూస్తే నుదురు నా నుదురు కంటే చల్లగా ఉండె. "మే, ఉగ్గాని చేస్తావా, మిరపకాయ బజ్జీలతో?" అన్నాడు. ఏడాది తర్వాత ఒక ఆదివారం మా పొయ్యి మీద బాండ్లి ఎక్కె. తిని, కట్టె పట్టుకొని బస్సులు ఆగే చోటికి పోయి, తోటి డ్రైవర్లతో మాట్లాడి, నవ్వుకుంటా వచ్చె.

నాకు అర్థమైందనుకుంటి. ఐసు దాని వేడిని తీసేసింది అనుకుంటి.

తర్వాత శనివారం నేనే పోయి, శెట్టెమ్మ చూడకుండా, డబ్బా తీసి పైన పెట్టినా. ఆ తర్వాత శనివారం కూడా. తలుపులో ఉన్నదాన్ని ముందు రోజు పైకి ఎక్కించేది, పొద్దున తీసి కొంగులో కరిగించి ఏసేది. ఏడెనిమిది నెలలు, ఒక్క వారం తప్పకుండా అట్లే చేసినా. ఆయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? మంచి చేస్తాండా అనుకున్నప్పుడు దాచాల్సిన పనేముంది? ఈ మాట నన్ను నేనే శానా సార్లు అడుక్కున్నా. దాచినానంటే, లోపల యాడో సిస్టరమ్మ మాట ఇంకా ఇనపడతానే ఉండాదని కదా. దాన్ని ఇనకుండా ఉండేదానికే ఎవురికీ చెప్పలేదు.

ఇంకా లోపలికి పోతే ఇంకోటి ఉండాది. ఆయన జ్వరంతో వణికితే నేనూ పండుకోలేను. కక్కితే ఎత్తేది నేను, కాళ్ళు పట్టేది నేను, సోమవారం కూలికి పోలేక ఇంట్లో కూర్చునేది నేను. జ్వరం పోయినాక ఆదివారం నాకూ ఆదివారమైంది. ఆయన కోసమే చేసినా అని చెప్తే సగమే నిజం. నేను అలిసిపోయింటి. ఆ సగం కూడా రాయి నాగమణీ.

మూడు నెలలకు ఒకసారి డాక్టరు దగ్గరికి పోతాంటిమి. "జ్వరం వస్తాందా?" అని అడిగె. "లేదు సార్" అనె ఆయన. "మంచిది, ఒళ్ళు అలవాటు పడింది" అని రాసుకునె. ఇంకేముంది. చదువుకున్న డాక్టరుకే తెలీనిది నాకు తెలిసిందని మురిసిపోయినా. ఓర్వకల్లు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చొని లోపల్లోపల నవ్వుకుంటా వచ్చినా.

చెనక్కాయ పీకే రోజులు. ఒక పొద్దున ఆయన లేవలేదు. నడుము కింద నుంచి మొత్తం పోయింది. ఒంటేలు కూడా బిగిసిపోయింది. నలుగురు మనుషులు మంచంతో సహా జీపులో ఎక్కించి కర్నూలు తెచ్చిరి. సెలైనులో మందు కలిపి ఎక్కించిరి, దినానికి ఒకటి లెక్కన. కుక్క మీద పడి కరుస్తాంటే కట్టె తీసుకొని అదిలించినట్ల, ఆ మందు అప్పటికప్పుడు ఆపతాదంట. ముఖం ఉబ్బింది. మూడో రోజుకు కాలి బొటనవేలు కదిలింది. అంతే. అంతకు మించి రాలేదు.

ఆ మూడో రోజు పొద్దున సిస్టరమ్మ సెలైను మారుస్తా ఉంటే, నేను ఊరికే అడిగినట్ల అడిగినా. "ఆ సూదిమందు ఐసైతే ఏమైతాదమ్మా?"

"చచ్చిపోతాది," అనింది ఆమె, నా వైపు చూడకుండానే. "అది ఒంట్లో పుట్టే పదార్థం మాదిరి మందమ్మా. గడ్డకడితే లోపల విరిగిపోతాది. కరిగినాక చూసేదానికి అట్లే ఉంటాది, పని మాత్రం చేయదు. విరిగిన పాలను మళ్ళా పాలు చేయగలవా?"

"జ్వరం కూడా రాదా?"

"మందే లేకుంటే జ్వరం యాడ్నుంచి వస్తాది?"

నేను చేతిలో టిఫిను డబ్బా పట్టుకొని నిలబడింటి. మూత ఊడి పడింది. వంగి తీసుకున్నా. ఏడెనిమిది నెలలు ఆయన తొడలో నేను పొడిచింది నీళ్ళు. కుక్కల్ని కూర్చోబెట్టే మనిషిని నేనే ఇంట్లో నుంచి ఎళ్ళగొట్టి, తలుపు తీసి పెట్టినా. కుక్కలు నిదానంగా, ఎవురూ అదిలించకుండా, తినుకుంటా పోయినాయి.

అర్ధగంటకు డాక్టరు వచ్చె. కాగితాలు చూసె.

"మందు వారం వారం ఏస్తానే ఉన్నారా?"

"ఏస్తానే ఉండా సార్."

"ఫ్రిజ్‌లోనే పెట్టినారా? ఎండ తగల్లేదు కదా?"

"ఫ్రిజ్‌లోనే సార్."

"ఎప్పుడన్నా గడ్డకట్టిందా?"

నేను నోరు తెరిచినా. చెప్పేదానికే తెరిచినా, ఇది నమ్మండి నమ్మకపోండి. అంతలోకి ఆయన మంచం మీద నుంచి అందుకున్నాడు.

"సార్, మా ఆడది ఆ సూదిని పసిబిడ్డ మాదిరి సాకింది. ఒక్క ఆదివారం తప్పలేదు. ఆమెను అడగాల్సిన పనే లేదు సార్."

డాక్టరు నా ముఖం చూస్తానే ఉండె.

"గడ్డకట్టలేదు సార్," అంటి.

"అయితే ఈ మందు ఇతనికి పనిచేయడం లేదమ్మా" అన్నాడు డాక్టరు. కాగితం మీద రాసినాడు. మందు నిలిపేసినాడు.

నాగమణి కలం పెట్టేసింది. "అత్తా, నీకు తెలీదు కదా. తెలీక చేసినావు కదా" అంటాంది.

ఐసులో పెట్టేటప్పుడు తెలీదు. అది తెలివితక్కువతనం, దానికి ఏదో ఒక శిక్ష పడింటే తట్టుకుంటాంటి. డాక్టరు అడిగేటప్పుడు తెలుసు. అర్ధగంట ముందే తెలుసు. ఆ పొద్దు నిజం చెప్పింటే ఏం చేస్తాండె డాక్టరు? తిడతాండె. తిట్టి, కొత్త సూదులు రాసి ఇస్తాండె. ఒక తిట్టు, అంతే. ఆ తిట్టుకు భయపడినా. తిట్టుకు కూడా కాదేమో. పసిబిడ్డ మాదిరి సాకింది అని ఆయన అన్న మాట పోతాదని భయపడినా. రెండూ కలపొద్దు పాపా. రాయి.

సూది నిలిపినాక మాత్రలు ఇచ్చిరి. అవి కాపలా కణాల్నే మొత్తంగా నీరసం చేసేవి. దానికి నెల నెలా రక్తం పరీక్ష. కుక్కలు నీరసపడితే బయట దొంగలు వస్తారు కదా, చిన్న దగ్గు పట్టుకున్నా ఆయనకు నెల పట్టేది. కాళ్ళు మళ్ళా రాలేదు. ఒంటేలుకు గొట్టం పెట్టిరి.

నాకు చెప్పేదానికి సందు దొరకలేదా? శానా దొరికె. ఆసుపత్రికి పోయినప్పుడల్లా ఈ పొద్దు చెప్తా అనుకొని బస్సెక్కుతాంటి. కర్నూలులో దిగేలోపల ధైర్యం దిగిపోతాండె. మందు మళ్ళా మొదలుపెట్టి చూడండి సార్ అని ఒక్క మాట అనింటే చాలు. ఎందుకని అడుగుతాడు కదా. అడుగుతాడనే అనలేదు. ఆయన మంచంలో ఉండిన మూడేండ్లలో ఎన్ని వారాలు ఉండాయి. అన్ని వారాలూ నేను మళ్ళా మళ్ళా అబద్ధం చెప్పినట్లే.

ఆయన చూడండి, దాన్ని కూడా ఎకసెక్కం చేసినాడు. తోటి డ్రైవర్లు చూసేదానికి వస్తే, "నా ఒంట్లో కాపలావాళ్ళు శానా గట్టోళ్ళప్పా, మందును కూడా గేటు దగ్గరే ఆపేసినారు" అనేవాడు. "మన డిపో వాచ్‌మెను నీ ఒంట్లో చేరినాడా ఏందప్పా? కాదులే, వాడైతే నిద్రపోతాండె" అని ఒకాయన అంటే అందరూ నవ్విరి. నేను టీ గ్లాసులు పట్టుకొని నిలబడింటి. వాళ్ళు పోయినాక ఆయన నవ్వడు. రెండు చేతులతో తొడల మీద కొట్టుకునేవాడు. "దొంగనాకొడుకు ఒళ్ళు. ఎంత మంచి మందు ఇచ్చినారు, పట్టనీయకపాయె" అనేవాడు. తన ఒంటిని తానే తిట్టుకునేవాడు. తప్పంతా దాని మీద ఏసుకున్నాడు. ఆ తొడల మీద తడి గుడ్డ పెట్టి తుడిచేది నేను.

ఊరంతా నన్ను మెచ్చుకునింది. ఇట్లాంటి ఆడది ఉండాలన్నారు. మా ఆడబిడ్డ, ఈ నాగమణి అమ్మ, నా చేతులు పట్టుకొని కండ్లకద్దుకునింది. "మా అన్నకు నువ్వు అమ్మవైతివి వదినా" అనింది. చేయి లాక్కోలేదు నేను.

సిస్టరమ్మ చెప్పిన మాదిరి జాగ్రత్త చేసింటే ఆయన నడుస్తాండెనా? తెలీదు. ఆ మందు అందరికీ పనిచేయదని డాక్టరే మొదట చెప్పినాడు కదా. ఏసినా ఆ దెబ్బ వచ్చేదేమో. కొన్ని దినాలు ఆ మాట పట్టుకొని ఏలాడినా. కానీ పట్టు జారతాది. యాలంటే, తెలీకుండా చేసిందీ నేనే. పనిచేస్తాదో లేదో చూసే దారి కూడా ఆయనకు లేకుండా చేసినా. ఆయన బతుకులో నేను తీసుకున్నది అది.

పుష్కరాలప్పుడు తుంగభద్రలో మూడు మునకలు మునిగినా. నీళ్ళలో తల పెట్టి, ఎవురికీ ఇనపడకుండా, గడ్డకట్టింది సార్, గడ్డకట్టింది సార్ అని చెప్పినా. నీళ్ళు ముక్కులోకి పోయినాయి. తడి చీరతో గట్టు ఎక్కినా. ఏమీ దిగలేదు. నది నన్నేమన్నా అడిగిందా, చెప్పేదానికి? అడిగినోళ్ళకు అబద్ధం చెప్పి అడగనోళ్ళకు నిజం చెప్తే ఏం లాభం?

ఇంక ఎట్లనో బతికేస్తాననుకుంటి. ఇదే మాదిరి పోతాననుకుంటి.

నాలుగు దినాల కింద నందికొట్కూరు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చిరి. పాపకు ఇరవై రెండేండ్లు ఉంటాయి. పంతులమ్మ చదువు చదువుతాందంట. అదే జబ్బు. డాక్టరు అదే సూది రాసినాడంట. యాడో ఒక డ్రైవరు ద్వారా మా ఆయన సంగతి తెలుసుకొని, ఈ జబ్బుతో బతికిన ఇల్లు ఇదొక్కటే తెలుసని వచ్చిరి. తల్లికి భయం. జ్వరం వస్తాదంట, ఏండ్ల తరబడి పొడవాలంట, అని కొంగు నోట్లో పెట్టుకునింది. "మీ ఆయనకు ఏసినారంట కదక్కా. పనిచేసిందా?" అని అడిగింది.

టీ పెట్టినా. గ్లాసులు ఇచ్చినా. ఇన్నేండ్లుగా అందరికీ చెప్పేదే నోట్లోకి వచ్చె, నేను పిలవకనే వచ్చె.

"మా ఆయనకు పనిచేయలేదమ్మా," అంటి.

తల్లి కూతురి వైపు చూసింది. "ఇన్నావు కదా. ఎందుకులే పాపా ఆ పోట్లు. ఆకుమందు చూద్దాం" అనింది. ఆ పాప డాక్టరు రాసిన చీటీని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకునింది. పోతా పోతా మా గడప దిగేటప్పుడు తల వంచి, తన కాలు యాడుందో కంటితో చూసుకొని దిగింది.

అప్పట్నుంచి నాకు కూడు సహించలేదు. ఆ తల్లికి చెప్పిన అబద్ధానికి ఆయన అడ్డం లేడు. ఆయన పొగడలేదు, డాక్టరు కోపం లేదు, నాకు పోయేది ఏమీ లేదు. అయినా చెప్పినా. అబద్ధం నాకు అలవాటైపోయింది. అది ఇంక నా మీద ఆగకుండా, ముక్కూ ముఖం తెలీని ఒక ఆడపిల్ల కాళ్ళ మీదికి పోయింది.

అందుకే నాగమణిని పిలిపించినా. ఈ కాగితం ఆ తల్లికి పోవాల. వాళ్ళ ఇంటి గుర్తు బస్టాండు ఎనక పూలంగడి దగ్గర అని చెప్పింటిరి. అమ్మా, నువ్వు చదివితే ఇది తెలుసుకో. మా ఆయనకు మందు పనిచేయలేదు అన్నది అబద్ధం. ఆ ఏడెనిమిది నెలలు మా ఆయన ఒంట్లోకి మందే చేరలేదు. చేరిన ఏడాది ఆయన నడిచినాడు. మీ పాపకు పనిచేస్తాదని నేను చెప్పలేను, అది చెప్పేది డాక్టరు. నా మాట ఇని మాత్రం మానొద్దు. తలుపులో పెట్టు. పైన పెట్టొద్దు. జ్వరం వస్తే మాత్ర ఏసి పక్కన కూర్చో.

మిగిలినోళ్ళు చదివితే మీ ఇష్టం. తిట్టుకోండి. మన్నించమని నేను అడగాల్సిన మనిషి లేడు. ఉన్నోళ్ళను అడగను. ఈ నాగమణిని కూడా అడగను. డాక్టరు సంగతి చెప్పినప్పట్నుంచి అది తల ఎత్తలేదు. అది కన్నీళ్ళు తుడుచుకుంటాందా, నా ముఖం చూడలేక వంచుకునిందా, ఈ మూల నుంచి నాకు కనపడదు. రేపు ఈ కాగితం ఇచ్చి వచ్చినాక ఈ ఇంటికి వస్తాదో రాదో కూడా నాకు తెలీదు. వాళ్ళమ్మకు ఏం చెప్తాదో దాని ఇష్టం.

ఆకలైతాంది నాకు. నాలుగు దినాలకు ఇప్పుడు ఆకలైతాంది. దీనికి సిగ్గుపడాలనో ఏమో, నాకు తెలీదు.

అయిపోయింది నాగమణీ. నాకు చదువు రాదు. నువ్వు ఏం రాసినావో నీ నోటితో ఇంటే తప్ప నాకు తెలీదు. మొదట్నుంచీ చదువు. డాక్టరు అడిగిన చోట గొంతు తగ్గించొద్దు. నా మీద జాలిపడి యాడన్నా ఒక మాట మెత్తగా రాసింటే, అది ఇప్పుడే కొట్టేసి చదువు. చదువు పాపా, ఇంటాండా.